పెట్టెను ఆపి, పనిని వదిలేస్తే ఎలా?

అమెరికా 2022 అక్టోబరులో అధునాతన కృత్రిమ మేధ చిప్‌లు చైనాకు చేరకుండా కట్టడి చేసింది. ఆ పరిమితికి లోబడేలా అమెరికా చిప్‌ల సంస్థ ఎన్‌విడియా ఏ800, హెచ్800 చిప్‌లను తయారుచేస్తే, మరుసటి అక్టోబరులో వాటికీ అడ్డుకట్ట వేసింది. ఇంత పట్టుదల చూపిన ప్రభుత్వం, అదే చిప్‌ను చైనా సంస్థ మూడో దేశంలో అద్దెకు తీసుకుని వాడుకుంటే మాత్రం చాలా సందర్భాల్లో చూస్తూ ఊరుకోవలసి వస్తోంది. 2018 నాటి ఎగుమతి నియంత్రణ చట్టం ప్రధానంగా వస్తువు, సాఫ్ట్‌వేర్, సాంకేతిక పరిజ్ఞానం చేతులు మారడాన్నే చూస్తుంది. కంప్యూటింగ్ శక్తిని సేవగా అమ్మడం దానంతట అది ఎగుమతి కాదని వాణిజ్య శాఖ 2009లోనే అభిప్రాయం చెప్పింది. అప్పటికి అది సబబే కావచ్చు, ఇప్పుడు మాత్రం దొడ్డిదారి.

2025 మార్చిలో నలుగురు చైనా ఇంజనీర్లు తలా 15 హార్డ్ డ్రైవ్‌లు సూట్‌కేసుల్లో పెట్టుకుని బీజింగ్ నుంచి మలేషియా వెళ్లారని వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. అక్కడి డేటా సెంటర్‌లో అద్దెకు తీసుకున్న ఎన్‌విడియా సర్వర్ల మీద కృత్రిమ మేధ మోడల్‌కు శిక్షణ ఇచ్చి, ఫలితాన్ని ఇంటికి తీసుకుపోవడం వారి ఉద్దేశం. చిప్ కదలలేదు, దాని ప్రయోజనం మాత్రం సరిహద్దు దాటింది. డేటాను నెట్‌లో పంపి ఉంటే ఆ ప్రయాణం కూడా అక్కర్లేదు.

సామూహిక విధ్వంస ఆయుధాలకో, సైనిక గూఢచర్యానికో అని తెలిసి సేవ అందిస్తే లైసెన్సు అవసరం కావచ్చని 2025 మేలో వాణిజ్య శాఖ హెచ్చరించిన మాట నిజమే. కానీ అలాంటి పని కోసమని ఏ ఖాతాదారుడు దరఖాస్తులో రాస్తాడు? అందుకే రిమోట్ యాక్సెస్‌ను, అంటే ఎక్కడో ఉన్న చిప్‌లను నెట్ ద్వారా దూరం నుంచి వాడుకోవడాన్ని, నేరుగా చట్టం పరిధిలోకి తెచ్చే బిల్లును నేను సమర్థిస్తున్నాను. దాన్ని ప్రతినిధుల సభ 2024 సెప్టెంబరులో ఆమోదించినా, అప్పటి అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) గడువు ముగిసేలోగా సెనేట్ ఆమోదం దొరకలేదు.

అయితే ప్రతి లాగిన్‌నూ అనుమానించే చట్టం నాకు వద్దు. గంటసేపు ఒక జీపీయూ (ఇలాంటి చిప్) అద్దెకు తీసుకునే విద్యార్థిని, వేల చిప్‌లను నెలల తరబడి బిగించుకునే సంస్థను ఒకే గాటన కట్టకూడదు. ఎంత కంప్యూటింగ్, ఎంత కాలం, డబ్బు చివరికి ఎవరిది అనేవే కొలమానాలు కావాలి. ఇందులో మూడోదే కష్టం, ఎందుకంటే సింగపూర్‌లో నమోదైన డొల్ల కంపెనీ కాగితాల మీద సింగపూర్ కంపెనీయే. ఖాతాదారులు వేరే దేశాల క్లౌడ్‌కు (నెట్ ద్వారా అద్దెకిచ్చే కంప్యూటర్లకు) తరలిపోతారని అమెరికా కంపెనీలు వాదించవచ్చు (చిప్‌ల అమ్మకం ఆపినప్పుడూ ఇదే పాట విన్నాం). ఆ క్లౌడ్‌లూ నడిచేది చాలావరకు ఎన్‌విడియా చిప్‌ల మీదే కాబట్టి, చిప్ అమ్మేటప్పుడే అద్దెదారుల వివరాలు నమోదు చేయాలనే షరతు పెట్టవచ్చు.