మన ఊరి నెట్‌వర్క్ వద్దంటున్న పోస్టుకు జవాబు

కడప, ప్రొద్దుటూరు, మైదుకూరు గ్రూపుల్లో ఈ మధ్య ఒక పొడుగాటి పోస్టు తిరుగుతోంది. ‘ఊరికొక సొంత సోషల్ నెట్‌వర్క్ అంట, అన్నిటికీ కలిపి ఫెడరేషన్ అంట, నమ్మి మోసపోవద్దు’ అని మొదలవుతుంది. సారాంశం ఇదీ: వాట్సాప్ ఉండగా జనం రారు. వచ్చినా మామూలు మనిషికి అర్థం కాదు. నడపడానికి కోట్లు కావాలి. పైన అడిగేవాళ్లెవరూ ఉండరు కాబట్టి సీమలో పుకార్లు, ఫ్యాక్షన్ గొడవలు ముదురుతాయి. నడిపేవాడు జైలుకు పోతాడు. ట్విట్టర్ లాంటి మన దేశపు కూ యాప్ మూతపడింది కాబట్టి ఇదీ మూతపడుతుంది.

రాసిందెవరో తెలియదు. చదివినవాళ్లలో చాలామంది ‘నిజమే కదా’ అంటున్నారు, నా బాధ అదీ. కడపకు ఇలాంటి నెట్‌వర్క్ ఎలా ఉంటే బాగుంటుందని కొందరం కలిసి ఆలోచిస్తున్నాం. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్తాను, ఆ పోస్టులో ఉన్న వరసలో కాకపోయినా.

అర్థం కాదన్న మాట ముందు తీసుకుంటాను. టీ అంగడిలో పేటీఎం స్కానర్ ఉంటుంది, మన చేతిలో ఫోన్‌పే ఉంటుంది, ఇద్దరి బ్యాంకులూ వేరు. అయినా పది రూపాయలు అటు చేరతాయి. యూపీఐ ఎలా పనిచేస్తుందో తెలుసుకుని ఎవరూ వాడటం లేదు. ఫెడరేటెడ్ నెట్‌వర్క్ కూడా వాడేవాళ్లకు అంతే. ఊరికొక సర్వర్, అంటే ఆ ఊరి ఖాతాలు, పోస్టులు ఉండే కంప్యూటర్. ఆ సర్వర్ రూల్స్ ఆ ఊరివాళ్లవి. కానీ సర్వర్లన్నీ ఒకే పద్ధతిలో మాట్లాడుకుంటాయి కాబట్టి కడపలో ఖాతా ఉన్న మనిషి కర్నూలు పోస్టు చదవొచ్చు, జవాబివ్వొచ్చు. తేడా ఒక్కటే, యూపీఐకి మధ్యలో ఒక సంస్థ ఉంది, దీనికి లేదు. ఆ పద్ధతి పేరు యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ 2018 జనవరిలో దాన్ని ప్రమాణంగా ఆమోదించింది. ట్విట్టర్ లాంటి మాస్టొడాన్, ఫొటోల పిక్సెల్‌ఫెడ్, వీడియోల పీర్‌ట్యూబ్ దాని మీదే నడుస్తున్నాయి. ఫేస్‌బుక్ కంపెనీ మెటా వాళ్ల త్రెడ్స్ కూడా 2024లో కొంతమేర దీనిలో కలిసింది. మనం కొత్తగా కనిపెట్టాల్సిన యంత్రమేమీ లేదు.

‘వాట్సాప్ ఉండగా ఎవరొస్తారు’ అన్నదే అసలు ప్రశ్న. దీని దగ్గర కాసేపు ఆగాలి.

వాట్సాప్ మాన్పించాలని ఎవరూ అనుకోవడం లేదు. ఇంట్లో మాటలు, పెళ్లి పిలుపులు, పిల్లల ఫొటోలు అక్కడే ఉంటాయి. ఊరి కబురుకు మాత్రం గ్రూపు సరిపోదు. అనంతపురం పక్కన కక్కలపల్లి మార్కెట్లో టమోటా ధర చూసి ఒకరు గ్రూపులో ‘ఈరోజు బాక్సు 400’ అని పెట్టారనుకోండి. సాయంత్రానికి అది పది గ్రూపులు దాటుతుంది. మూడో రోజు కళ్యాణదుర్గం వైపు ఏ రైతు ఫోన్‌కో చేరేసరికి కూడా అందులో ‘ఈరోజు’ అనే ఉంటుంది. ఏ తేదీదో లేదు, రాసిందెవరో లేదు. అది నమ్మి బండి మాట్లాడుకుంటే బాడుగ చేతినుంచి పడుతుంది.

అదే మాట ఊరి సర్వర్ మీద రాస్తే దానికంటూ ఒక లింకు ఉంటుంది. తేదీ, రాసిన ఖాతా పక్కనే ఉంటాయి. మాస్టొడాన్‌లో పోస్టును దిద్దితే దిద్దినట్టు కనిపిస్తుంది, ముందు ఏముండేదో కూడా చూడొచ్చు. బహిరంగ పోస్టు చదవడానికి ఖాతా కూడా అక్కర్లేదు. అంటే ఆ లింకును వాట్సాప్‌లోనే పంచుకోవచ్చు, రాసినవాళ్లు ధర దిద్దుతూ ఉంటే, నొక్కినప్పుడు దిద్దిన ధరే వస్తుంది. రాసేవాళ్లు వందమంది ఉన్నా వేలమందికి ఉపయోగపడుతుంది. ఊరంతా వచ్చి చేరితేనే పని జరుగుతుందన్న లెక్కే తప్పు.

సరే, దానికి ఊరికొక వెబ్‌సైట్ చాలదా, ఫెడరేషన్ ఎందుకు అని అడగొచ్చు. కేసీ కాలువను చూడండి. కర్నూలు దగ్గర సుంకేసులలో మొదలై, నంద్యాల మీదుగా కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా వస్తుంది. పైన నీళ్లు వదిలారా, ఎక్కడైనా ఆపారా, గండి పడిందా అన్నది మైదుకూరు, చాపాడు రైతులకు నారు పోయడానికి ముందే తెలియాలి. ఇప్పుడు పైవాళ్ల గ్రూపు వేరు, కిందివాళ్ల గ్రూపు వేరు. రెండింటిలోనూ ఉన్న మనిషి ఒకరుంటే కబురు దిగుతుంది, లేకపోతే పైనే ఆగిపోతుంది. ఫెడరేషన్‌లో అయితే కర్నూలు సర్వర్ మీద కాలువ కబుర్లు రాసే ఖాతాను నంద్యాలవాళ్లు, మైదుకూరువాళ్లు తమ తమ సర్వర్ల నుంచే ఫాలో అవుతారు. అక్కడ రాసింది వీళ్ల ముందు రాసినవాళ్ల పేరుతో సహా పడుతుంది. ‘మా దగ్గర ఇంకా రాలేదు’ అని చాపాడు నుంచి రాసిన జవాబు సుంకేసుల దాకా పోతుంది. కంపెనీల నెట్‌వర్కులు మనల్ని వయసును బట్టి, ఇష్టాలను బట్టి, కొనే వస్తువులను బట్టి కలుపుతున్నాయి. నీళ్లు పారే దారిని బట్టి కలిపేది ఒక్కటీ లేదు. మాకు కావాల్సింది అది.

2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పక్క ఊళ్ల మీద పడింది. నెట్‌వర్క్ ఉండుంటే ప్రాణాలు దక్కేవని నేను అనను. అలాంటి వేళ సైరన్, మైకు, తలుపు తట్టే మనిషి కావాలి, సెల్ టవర్లే పనిచేయకపోవచ్చు. ఆ తర్వాతి రోజుల సంగతి వేరు. ఎవరు కనిపించడం లేదు, ఏ దారి తెగింది, ఏ ఊరికి బియ్యం చేరాయి, ఏ ఊరికి నీళ్ల ట్యాంకరు కావాలి అన్న జాబితా ఒక్కచోట ఉండి, పక్క ఊళ్లవాళ్లు తమ సర్వర్ నుంచే అందులో చేర్చగలిగితే, అక్కరకొచ్చేది ఆ జాబితానే.

కోట్ల ఖర్చు అన్నది తెలియక రాసిన మాట. కొన్ని వందలమంది వాడే మాస్టొడాన్ సర్వర్‌కు 4 జీబీ మెమరీ ఉన్న అద్దె మెషీను చాలు, నెలకు 2,000 రూపాయల లోపే దొరుకుతుంది. 300 మంది నెలకు పదేసి రూపాయలు వేసుకుంటే బ్యాకప్ ఖర్చు కూడా వెళ్లిపోతుంది. ఇబ్బంది వచ్చేది డిస్కు దగ్గర. బయటి సర్వర్ల నుంచి వచ్చే ఫొటోలు, వీడియోల కాపీలు మన మెషీన్లో పేరుకుంటాయి. కొన్ని రోజులు దాటిన కాపీలు వాటంతటవే పోయేలా మొదటిరోజే సెట్ చేసుకోవాలి, వీడియోకు గట్టి పరిమితి పెట్టుకోవాలి. ఓటీపీతో చేర్చుకోవడం కూడా వద్దంటాను. ఎస్సెమ్మెస్‌కు డబ్బు, పైగా సంస్థలు ఎస్సెమ్మెస్‌లు పంపాలంటే ముందు చేయించుకోవాల్సిన డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ తతంగం. ఉన్న సభ్యులు పంపే ఆహ్వానంతో చేర్చుకుంటే దొంగ ఖాతాల బెడద కూడా తగ్గుతుంది.

పుకార్లు, ఫ్యాక్షన్ అన్న మాట చదివినప్పుడు నిజంగా కోపం వచ్చింది. 2018 వేసవిలో పార్థీ దొంగల గ్యాంగ్ తిరుగుతోందన్న పుకార్లతో తెలుగు రాష్ట్రాల్లో అమాయకులను పట్టి కొట్టిన రోజులు గుర్తున్నాయి కదా. ఆ పుకార్లు పాకింది వాట్సాప్‌లో. దేశమంతటా ఇలాంటి దాడులు జరిగాకే, ఆ జూలైలో, భారతదేశంలో ఫార్వర్డును ఐదు చాట్లకు పరిమితం చేస్తామని ఆ కంపెనీ ప్రకటించింది. దానికి సీమ మీద నింద వేయడం ఎందుకు? ఒకరి నుంచి ఒకరికి పేరు లేకుండా మాట పాకే ఏర్పాటు ఎక్కడున్నా అదే జరుగుతుంది.

ఇక ‘ఎవరి అదుపులోనూ ఉండదు’ అన్నది అసలు సంగతికి పూర్తిగా తలకిందులు. ప్రతి సర్వర్‌కూ నడిపేవాళ్లుంటారు, ఎవరితో కలవాలో, ఎవరితో కలవకూడదో వాళ్లే నిర్ణయిస్తారు. 2019లో గ్యాబ్ అనే విద్వేషాల నెట్‌వర్క్ మాస్టొడాన్ సాఫ్ట్‌వేర్‌కు మారినప్పుడు చాలా సర్వర్లు దాన్ని వెలివేశాయి. ఆ సాఫ్ట్‌వేర్ వాడుకోకుండా ఎవరూ ఆపలేకపోయారు, కానీ అది తమ సభ్యుల ముఖాన పడకుండా ఎవరికి వారు తలుపు వేసుకున్నారు. మాస్టొడాన్‌లో ఇంకో ఏర్పాటుంది. మనం ఒప్పుకున్న సర్వర్లతో తప్ప మిగతా ఎవరితోనూ కలవకుండా నడపొచ్చు. కడప సర్వర్ మొదట అలాగే ఉండాలన్నది నా అభిప్రాయం: కర్నూలు, నంద్యాల, అనంతపురం, ప్రొద్దుటూరు, రాజంపేట, అంతే. అలా ఉన్నన్నాళ్లు ఖాతా లేనివాళ్లకు పేజీలు తెరుచుకోవు, కాబట్టి వాట్సాప్‌లో లింకు పంచుకోవడం, ప్రపంచంతో కలవడం తర్వాత చూసుకోవచ్చు. వీధి మాట సర్వర్ దాటకుండా ఉండాలంటే దానికీ దారి ఉంది. డారియస్ కజెమి అనే అమెరికన్ తన స్నేహితుల చిన్న సర్వర్ అనుభవంతో మాస్టొడాన్‌ను మార్చి హోమ్‌టౌన్ అనే రూపం చేశాడు. అందులో పోస్టును సొంత సర్వర్‌కే పరిమితం చేయొచ్చు.

అమెరికాలోనే వెర్మాంట్ రాష్ట్రంలో ఫ్రంట్ పోర్చ్ ఫోరమ్ అని ఇరుగుపొరుగు నెట్‌వర్క్ ఒకటి 2006 నుంచి నడుస్తోంది. అది ఫెడరేటెడ్ కాదు, కానీ మనం నేర్చుకోవాల్సింది ఉంది. ప్రతి పోస్టునూ ముందు ఒక మనిషి చదువుతారు, తర్వాతే అందరికీ పంపుతారు. కోపంలో రాసింది వెంటనే బయటికి పోదు. మన దగ్గర కూడా ఎన్నికల వేళ, పండగ ఊరేగింపుల వేళ ఆ కాస్త ఆలస్యం మంచిదే. వరద, నెత్తురు అవసరం లాంటి వాటికి మాత్రం వేరే దారి ఉండాలి, అవి ఆగకూడదు.

జైలు మాట. ఐటీ చట్టం 79వ సెక్షన్ ప్రకారం, ఇతరులు రాసినదానికి వేదిక నడిపేవాళ్లకు రక్షణ ఉంది, చట్టం చెప్పిన జాగ్రత్తలు పాటిస్తేనే. ఫిర్యాదుల అధికారి పేరు బహిరంగంగా పెట్టాలి. కోర్టు లేదా ప్రభుత్వ ఉత్తర్వు వస్తే తీసేయాలి. తీసేసినదాన్ని 180 రోజులు భద్రపరచాలి. 2021 నిబంధనల్లోని పెద్ద బరువులు, అంటే చీఫ్ కంప్లయన్స్ ఆఫీసర్, నెలనెలా నివేదికలు లాంటివి, 50 లక్షల మందికి మించి వాడుకరులున్న వేదికలకే. 2011 జనగణనలో ఉమ్మడి కడప జిల్లా జనాభా 29 లక్షల లోపు, కర్నూలు, అనంతపురం ఒక్కోటీ 41 లక్షల లోపు. పసిపిల్లలతో సహా జిల్లా అంతా చేరినా ఆ గీత దాటదు. అయినా ఒక కుర్రాడి పేరు మీద, అతని క్రెడిట్ కార్డు మీద సర్వర్ నడపడం తప్పే. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘం ఉండాలి, లెక్కలు ఏటా సభ్యుల ముందు పెట్టాలి.

కూ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది పెట్టుబడిదారుల డబ్బుతో నడిచిన ఒకే కంపెనీ, ఫెడరేటెడ్ కాదు. 2024 జూలైలో కంపెనీ ఆగింది, దానితోపాటు అందరూ ఆగారు. మాస్టొడాన్‌లో ఒక సర్వర్ మూసేస్తామంటే, మూసేలోపు ఫాలోవర్లతో సహా ఇంకో సర్వర్‌కు మారొచ్చు. పాత పోస్టులు మాత్రం వెంట రావు, అందుకే ఊరి ముఖ్యమైన కబుర్లను విడిగా భద్రపరచాలి. మాస్టొడాన్ తన జాబితాలో చేర్చుకునే సర్వర్లను మూసేముందు కనీసం మూడు నెలలు ముందుగా చెప్పమంటుంది. మన సంఘం నియమావళిలో కూడా ఆ వాక్యం ఉండాలి.

పోస్టు రాసినవాళ్లు అడగాల్సినవి రెండు వదిలేశారు. ఒకటి, మాస్టొడాన్‌లో ప్రైవేటు సందేశాలు వాట్సాప్ మాదిరి తాళం వేసినవి కావు, సర్వర్ నడిపేవాళ్లు తలచుకుంటే చూడగలరు. పోస్టు చెరిపేసినా పక్క సర్వర్ల మీద కాపీ మిగలొచ్చు. ఖాతా తెరిచే పేజీలోనే ఇది తెలుగులో పెద్ద అక్షరాలతో చెప్పాలి. రహస్యం మాట్లాడుకోవడానికి ఇది చోటు కాదు.

రెండోది మనుషులు. రాత్రి పదకొండుకు వచ్చిన ఫిర్యాదు ఎవరు చూస్తారు? తిట్టించుకుని కూడా నిదానంగా జవాబిచ్చేదెవరు? ఏడాది తర్వాత వాళ్లు అలిసిపోతే వంతు ఎవరిది? కడపకు కనీసం ఐదుగురు కావాలి, ఆరు నెలలకొకసారి మారాలి, ఆడవాళ్లు ఇద్దరికి తగ్గకూడదు, ఉర్దూ బాగా చదవగలిగినవాళ్లు తప్పకుండా ఉండాలి, అన్ని పార్టీలవాళ్లూ పోస్టు తీసేయించడానికి ఫోన్ చేస్తారు కాబట్టి ఏది ఎందుకు తీశారో అందరికీ కనిపించే చిట్టా రాయాలి. ఆ ఐదుగురు దొరికేదాకా సర్వర్ తెరవొద్దని మావాళ్లతో వాదిస్తున్నాను.