బస్సు స్టేజీ దాకా సరే, స్టేజీ నుంచి ఊరికి?
పల్లెల రవాణా మీద మీ వ్యాసంలో, ఆర్టీసీ బస్సు, గర్భిణులను ఆసుపత్రికి తీసుకెళ్లే 102 బండి, షేర్ ఆటో, అన్నిటినీ జిల్లాలో ఒకే చోట నుంచి కలిపి నడిపేందుకు విడిగా నిధులివ్వాలని రాశారు. ఒప్పుకుంటాను. మాది కనగల్ వైపు, మెయిన్ రోడ్డుకు నాలుగు కిలోమీటర్లు లోపలున్న పల్లె. మా అత్తమ్మకు నల్లగొండలో వారానికి మూడుసార్లు డయాలసిస్. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కాబట్టి స్టేజీ దాకా పైసా ఖర్చు లేదు. అసలు టెన్షన్ స్టేజీ దగ్గర దిగాకే. చేతికి కట్టిన పట్టీని రెండో చేత్తో పట్టుకుని చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చుంటుంది. ఆటో నిండితే గానీ కదలదు, ఒక్కదాన్నే తీసుకుపొమ్మంటే రెండొందలు. అదే టైంకి పిల్లల్ని దింపిన స్కూల్ బస్సు ఖాళీగా ముందు నుంచే పోతుంది. పర్మిట్ లేదు, ఎక్కించుకోరు, డ్రైవర్ తప్పేం లేదు. కాబట్టి డబ్బు ఒక్కటే ఇస్తే సరిపోదు, ఆ రూల్ కూడా చూడాలి. ఇక బండి బుక్ చేసుకోవడానికి యాప్ అన్నారు చూడండి, అది మాత్రం వద్దు. మా అత్తమ్మది బటన్ ఫోన్. ఫోనెత్తి "ఏ ఊరు, ఎన్నింటికి" అని అడిగే మనిషికి జీతమివ్వండి చాలు.