రెండు చేతులా సాంస్కృతిక మేధస్సు

చైనావాళ్లతో వ్యాపారానికి పెట్టుబడి, జీఎస్టీ నంబరు ఉంటే చాలదట, సాంస్కృతిక మేధస్సు, అంటే అవతలివాళ్ల పద్ధతులెరిగి మసలుకునే తెలివి, కావాలట. అదృష్టవశాత్తూ అది హైదరాబాద్ స్టార్ హోటళ్లలో మధ్యాహ్న భోజనంతో కలిపి ఒక్కరోజు ట్రైనింగ్‌లో దొరుకుతోంది.

ఉదయమంతా విజిటింగ్ కార్డును రెండు చేతులా అందించడం సాధన చేయిస్తారు. మంచి విద్యే. కాకపోతే చైనాలోని గ్వాంగ్‌జౌలో కాంటన్ ఫెయిర్ అనే పెద్ద వ్యాపార ప్రదర్శనకి వెళ్తే, స్టాల్లో కుర్రాడు కార్డుకు బదులు ఫోన్ ముందుకు చాపి, వాళ్ల మెసేజింగ్ యాప్ విచాట్‌లో స్కాన్ చేయమంటాడు. ఆ యాప్‌ను మన ప్రభుత్వం 2020 జూన్‌లోనే నిషేధించింది. దీనికి పాఠం లేదు.

తర్వాత నడుం వంచి అభివాదం. అది జపాన్ పద్ధతి కదండీ అని వెనక వరసలో ఒకాయన గొణిగితే, ‘మొత్తానికి ఆసియా సంస్కృతి’ అని సర్దేశారు. మనమూ ఆసియావాళ్లమేనని ఆ హాల్లో ఎవరికీ తట్టలేదు.

విందు మర్యాదలు మాత్రం నేర్చుకోవాల్సిందే. గుండ్రటి బల్ల, తలుపుకు ఎదురుగా పెద్దాయన, బుల్లి గ్లాసుల్లో 53 శాతం ఆల్కహాలున్న మౌటాయ్ అనే చైనా మద్యం. గ్లాసులు తాకించేటప్పుడు మన గ్లాసు అంచు ఆయన గ్లాసు అంచుకంటే కిందుండాలి. ఆయనా మర్యాదస్తుడే, తన గ్లాసు ఇంకాస్త దించుతాడు. మనం మరికాస్త. అలా రెండూ బల్లకు ఆనేదాకా దిగుతాయి. ధర మాత్రం పైసా దిగదు.

ఒప్పందం మీద నవ్వుతూ సంతకం పెట్టిన బాసుగారికంటే కంపెనీ గుండ్రటి ఎర్ర ముద్రకే అక్కడ బరువెక్కువ. ఈ సంగతి స్లైడుల్లో లేదు.

చైనా కొత్త సంవత్సరం జనవరి నెలాఖరులోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. కార్మికులంతా సొంతూళ్లకు పోతారు, ఫ్యాక్టరీలు వారాల తరబడి మూతపడతాయి. సంక్రాంతికి విజయవాడ హైవే టోల్‌గేట్ల దగ్గర కార్ల బారులు చూసినవాడికి ఇది విడమరిచి చెప్పాలా? అయినా మనవాడు సరిగ్గా అప్పుడే ‘అర్జెంట్’ అని ఆర్డరు పెడతాడు. సరుకు రాకపోతే చైనావాడిని నమ్మకూడదని తీర్పిస్తాడు.

ఇక అసలు విషయం. మామూలుగా 30 శాతం అడ్వాన్సు, మిగతా 70 సరుకు ఓడెక్కేముందు. ఆ 70 కట్టేలోపు సరుకును మనిషిని పెట్టి తనిఖీ చేయించాలి కదా అనడిగితే, అలా అడిగితే భాగస్వామి పరువు పోతుందని హెచ్చరించారు. వాళ్ల ఫ్యాక్టరీలకు తనిఖీలు కొత్తేమీ కాదు, యూరప్, అమెరికా కంపెనీలు రోజూ మనుషుల్ని పంపుతూనే ఉంటాయి. మనవాళ్లు పంపరు. తనిఖీకి బడ్జెట్ లేదు, ట్రైనింగ్‌కి కట్టేశారు.