బొమ్మలో నీళ్లు ఎందుకు గీయరు?

ఇంటర్ బయాలజీ పుస్తకం తెరిచి ప్రొటీన్ బొమ్మ చూడండి. రంగురంగుల మెలికలు, చుట్టూ ఖాళీ కాగితం. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆ ఖాళీ అంతా నీళ్లే కదా, ఆ నీళ్లు లేకపోతే ఆ మెలికే పడదు కదా! పిల్లలకి మనం చెప్పేది మాత్రం "నీరు మాధ్యమం" అని ఒక్క ముక్క.

నీటి అణువులు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి, సెకనులో లక్ష కోట్ల వంతు లెక్కన కొలిచేంత తక్కువ కాలంలో వదిలేసి ఇంకోదాన్ని పట్టుకుంటాయి. మధ్యలోకి నూనె స్వభావం ఉన్న భాగం వస్తే దానితో బంధం కుదరదు, దాని చుట్టూ చేరిన నీటికి అటూ ఇటూ తిరిగే వీలు తగ్గిపోతుంది. అలాంటి భాగాలు రెండు దగ్గరికి చేరితే మధ్యలో ఇరుక్కున్న నీళ్లు బయటపడతాయి, కాబట్టి నీళ్లే వాటిని ఒకచోటికి తోసేస్తాయి. ప్రొటీన్ మడత పడటానికి ఇది పెద్ద కారణమని రసాయన శాస్త్రవేత్త వాల్టర్ కౌజ్‌మన్ 1959లోనే చెప్పాడు.

ఈ థియరీ మనకెందుకు అనేవాళ్లు సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు గురించి కాస్త వినండి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో, పాడేరు వైపూ ఆదిలాబాద్ వైపూ ఉన్న జబ్బే. ఎర్ర రక్తకణాల్లో ఆక్సిజన్‌ని మోసే ప్రొటీన్ హిమోగ్లోబిన్. దాని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటే 6వది ఒక్కటే మారుతుంది. నీటితో ఇట్టే కలిసే గ్లుటామిక్ ఆమ్లం పోయి, నీటితో పొసగని వాలిన్ వస్తుంది. ఆక్సిజన్ వదిలేశాక ఆ వాలిన్ పక్క హిమోగ్లోబిన్ మీదున్న చిన్న గుంటలో దూరి కూర్చుంటుంది. అలా ఒకదానికొకటి తగులుకుని పోగులు కట్టి, కణాన్నే కొడవలిలా వంచేస్తాయి.

దీని వెనక నీళ్లున్నాయని ఎలా తెలుస్తుందంటే, ఆక్సిజన్ తీసేసిన ఈ హిమోగ్లోబిన్ చిక్కటి ద్రావణం ఒంటి వేడి దగ్గర జెల్ అయిపోతుంది, మంచులో పెడితే మళ్లీ కరుగుతుంది. నెయ్యికి పూర్తిగా రివర్స్! వేడి పెరిగేకొద్దీ నీళ్లు తోసే ఆ తోపు బలపడుతుంది కాబట్టే ఇలా. (అలాగని చలి మంచిదనుకోవద్దు, చలికి రక్తనాళాలు ముడుచుకుని నొప్పి ఎక్కువవుతుంది.)

ఇంకోటి వినండి. పోగులు మొదలవడానికి పట్టే సమయం హిమోగ్లోబిన్ గాఢతకు సుమారు 30వ ఘాతంలో తగ్గుతుందని 1974లో హాఫ్రిక్టర్, రాస్, ఈటన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. కణంలో నీళ్లు తగ్గి గాఢత 10 శాతం పెరిగిందనుకోండి, 1.1ని 30 సార్లు గుణిస్తే దాదాపు 17, అంటే ఆ సమయం దాదాపు 17వ వంతుకి పడిపోతుంది. అంత టైమ్ ఉంటే సన్నటి రక్తనాళాలు దాటి ఊపిరితిత్తులకు చేరిపోవాల్సిన కణం దారిలోనే వంగి ఇరుక్కుంటుంది, ఆ జబ్బున్న పిల్లాడు నొప్పితో మెలికలు తిరుగుతాడు.

అందుకే సికిల్ సెల్ పరీక్ష చేసి, ఫలితం రాసిన కార్డు చేతిలో పెట్టి, "నీళ్లు బాగా తాగు" అని పంపేస్తే నాకు కడుపు రగిలిపోతుంది. ఎందుకు తాగాలో ఈ లెక్కతో సహా ఆ అమ్మానాన్నలకి చెప్పండి, వాళ్లకి అర్థమవుతుంది. ఆశ్రమ పాఠశాలల టీచర్లకీ చెప్పండి. ఎండాకాలం క్లాసులో ఆ పిల్లల బెంచీ మీద నీళ్ల బాటిల్ ఉండనివ్వండి, మధ్యలో బాత్రూమ్‌కి వెళ్తానంటే కసురుకోకుండా పంపండి.