లోరెమ్ ఇప్సమ్ తీసేస్తే ఏం మిగులుతుంది?

తెల్లవారుజామున నాలుగింటికి తిరుపతి బస్టాండులో దిగిన యాత్రికుడు ఫోన్ తీసి ఒక లాడ్జి వెబ్‌సైట్ తెరిచాడనుకుందాం. అతనికి కావలసిన సంగతులు నాలుగైదే. ఈ వేళప్పుడు గది ఇస్తారా? అద్దె 24 గంటలకా, మధ్యాహ్నం దాకేనా? బస్టాండు నుంచి నడిచి పోవచ్చా? ఒంటరిగా వచ్చినవాళ్లకు గది ఇస్తారా? వేడినీళ్లు ఎన్నింటి దాకా? తెర మీద మాత్రం మూడు పెద్ద ఫొటోలు జరుగుతూ ఉంటాయి, కింద ‘ఆతిథ్యంలో మాకు మేమే సాటి’ అని ఉంటుంది. ఫోన్ నంబరు ఫొటోలోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి నొక్కితే కాల్ పోదు.

ఇలాంటి సైటు కట్టినవారికి పేజీకి రంగులు, అమరిక ఇచ్చే భాష అయిన సీఎస్‌ఎస్ రాదనడానికి లేదు. ఆ ఫొటోలు జరగడానికీ కొంత పని తెలియాలి. తేడా వచ్చింది వెబ్ డిజైన్ నేర్చుకున్న వరుసలో.

ఆన్‌లైన్ ట్యుటోరియళ్లలో ఎక్కువ భాగం లోరెమ్ ఇప్సమ్‌తో మొదలవుతాయి. రోమన్ రచయిత సిసెరో రాసిన లాటిన్ వాక్యాలను తుంచి అతికించిన అర్థంలేని పాఠం అది. పెట్టెలు నిండుగా కనబడతాయి, చెప్పేవారికి పని తేలిక. చూసేవారికి మాత్రం ఒక అలవాటు అంటుకుంటుంది: ముందు పెట్టెలు కట్టాలి, సమాచారం తర్వాత ఎవరో ఇస్తే నింపాలి. నిజానికి పెట్టెల ఆకారాన్ని నిర్ణయించేది సమాచారమే. లాడ్జికి అద్దెల పట్టిక ముఖ్యం. శ్రీకాళహస్తి కలంకారి అమ్మేవారికి కలం గీత కనబడేంత దగ్గరి ఫొటో, అది చేత్తో వేసిందా అచ్చు వేసిందా అన్న మాట ముఖ్యం. చిత్తూరు వైపు తోతాపురి గుజ్జు తీసే ఫ్యాక్టరీని కొనుగోలుదారు అడిగేది తీపిని కొలిచే బ్రిక్స్ ఎంత, డ్రమ్ము బరువెంత, ఏ సర్టిఫికెట్లు ఉన్నాయి అని. ఈ ముగ్గురికీ ఒకే టెంప్లేట్ తగిలిస్తే ముగ్గురికీ పనికిరాదు.

అందుకే మొదటి వారం కోడ్ రాసే ఎడిటర్ తెరవకపోయినా నష్టం లేదు. తెలిసిన లాడ్జినో దుకాణాన్నో ఒకటి ఎంచుకుని, అక్కడ ఫోన్ ఎత్తే మనిషి పక్కన ఒక పూట కూర్చోవాలి. ఫోన్లో జనం అడిగే ప్రశ్నలన్నీ వాళ్ల మాటల్లోనే కాగితం మీద రాసుకోవాలి. ఇరవై పోగయ్యాక ఎక్కువసార్లు వచ్చినవి పైకి తేవాలి. మొదటి మూడింటికి జవాబు వేలితో జరపకుండానే, 360 పిక్సెల్ వెడల్పున్న ఫోన్ తెర మీద కనబడాలి. ఆ తర్వాత, పేజీలో ఏది శీర్షిక, ఏది పట్టిక అని చెప్పే వట్టి హెచ్‌టీఎంఎల్: ప్రధాన శీర్షికగా ఒకే ఒక్క హెచ్1, కింద ఉపశీర్షికలుగా హెచ్2లు, అద్దెలకు టేబుల్, ఫోన్ నంబరుకు నొక్కితే కాల్ పోయే టెల్ లింకు. రంగులేవీ లేకుండా ఈ పేజీ చదివి మీ ఇంట్లోవాళ్లు గది తీసుకోగలిగితే అప్పుడు సీఎస్‌ఎస్ మొదలుపెట్టవచ్చు.

పాఠాల్లో దాదాపుగా దొరకనిది తెలుగు సంగతి. ఇంగ్లీషు కోసం కట్టిన పేజీలో తెలుగు పోయగానే మొదట దెబ్బతినేది వరుసల మధ్య ఎడం. పైన గుడులు, కింద వత్తులు, వరుస ఎత్తు చెప్పే లైన్-హైట్ అక్షరానికి 1.4 రెట్లే ఉంటే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకవచ్చు. 1.7 దాకా పెంచాలి. అక్షరం 17, 18 పిక్సెళ్లకు తగ్గితే ఫోన్లో వత్తులు ముద్దలవుతాయి. రెండువైపులా సమంగా అమర్చే జస్టిఫై తీసేయాలి, మన పదాలు పొడుగు కాబట్టి ఇరుకు తెర మీద మధ్యలో గుంతలు పడతాయి. ‘బుక్’ కోసం వంద పిక్సెళ్లు కొలిచి కట్టిన బటన్‌లో ‘గది బుక్ చేసుకోండి’ పట్టదు. కాబట్టి వెడల్పు కట్టేయకుండా మాట చుట్టూ ఖాళీ వదిలే ప్యాడింగ్ ఇవ్వాలి. ఇటాలిక్ అయితే తెలుగులో పెట్టకపోవడమే మేలు, బ్రౌజర్ అక్షరాన్ని ఊరికే పక్కకు వంచేస్తుంది.

ఇంకో చిక్కు డీటీపీ సెంటర్ నుంచి వస్తుంది. కరపత్రం కోసం అను ఫాంట్లలో కొట్టిన పాఠాన్ని సైటులో అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, పైన తెలుగు బొమ్మలు తొడిగారంతే. తెలుగుకు సొంత సంకేతాలున్న యూనికోడ్ పద్ధతిలోకి మార్చే కన్వర్టర్‌లో వేసి మార్చుకోవచ్చు, కానీ వత్తులు, అంకెల దగ్గర తప్పులు మిగులుతాయి. ప్రూఫు చూడక తప్పదు. యూనికోడ్‌లో ఉన్నా పిచ్చి అక్షరాలే వస్తుంటే పేజీ తలభాగంలో, సంకేతాలను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8 అని చెప్పడం మరిచారేమో చూడాలి. అందులో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. ఆ మాట చెప్పకపోతే బ్రౌజర్ వాటిని విడదీసి మూడు వేరే గుర్తులుగా చూపవచ్చు.

వీడియో తేదీ చూసే అలవాటు చాలామందికి లేదు. బటన్లు, మెనూలు ముందే రాసిపెట్టి ఇచ్చే కోడ్ కట్టల్లో ఒకటి బూట్‌స్ట్రాప్. 2021లో వచ్చిన బూట్‌స్ట్రాప్ 5లో కొన్ని పేర్లు మారాయి, జేక్వెరీ అనే మరో కోడ్ కట్ట అవసరం పోయింది. పాత పాఠం చూసి కొత్త ఫైలు జోడిస్తే మెనూ నొక్కినా తెరుచుకోదు, నేర్చుకునేవారు తప్పు తమదేననుకుని రాత్రంతా కోడ్ వెతుక్కుంటారు. పేజీ అమరికకు ఫ్లోట్‌లు అనే పాత పద్ధతి నేర్పే వీడియోలనూ వదిలేయవచ్చు, అమరిక కోసమే పుట్టిన గ్రిడ్ 2017లోనే ప్రధాన బ్రౌజర్లలోకి వచ్చింది. ఐదు కోర్సులు సగం సగం చూసేకంటే ఫ్రీకోడ్‌క్యాంప్ లాంటిది ఒకటి పట్టుకుని, సందేహం వస్తే మొజిల్లా వారి ఎండీఎన్ వివరాల పేజీ తెరవడం మంచిది. ఇరవై నిమిషాలు చూస్తే, వీడియో మూసేసి గంటసేపు చేయాలి. పక్కన వీడియో నడుస్తుండగా టైపు చేసింది చేతికి రాదు.

ఇంట్లో చక్కగా కనబడిన ఫొటోలు, సైటును నెట్‌లో ఉంచే హోస్టింగ్‌లో పెట్టగానే మాయమవుతాయి. విండోస్‌కు ఫైలు పేరులో ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా పట్టదు. లైనక్స్ సర్వరుకు పడుతుంది. అన్ని పేర్లూ చిన్నబడిలో, ఖాళీలు లేకుండా పెడితే సరిపోతుంది. ఫోన్‌తో తీసిన ఫొటో 4 ఎంబీ ఉంటుంది. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, తేలికైన ఫొటో ఫార్మాట్ వెబ్‌పీలోకి మారిస్తే చాలాసార్లు 200 కేబీలోపే వస్తుంది. కొండ కింద రద్దీ రోజుల్లో నెట్ ఎలా ఉంటుందో తిరుపతివాళ్లకు చెప్పనక్కర్లేదు.

సాధన కోసమని టీటీడీ సైటును అచ్చంగా దింపి నెట్‌లో పెట్టే పని మాత్రం వద్దు. నకిలీ సైట్లను నమ్మవద్దని దేవస్థానం భక్తులను పదేపదే హెచ్చరిస్తోంది. మీది సరదా పనే కావచ్చు, చూసినవాడికి ఆ సంగతి తెలియదు.

ఇక అద్దెలు. బ్రహ్మోత్సవాలకు ఒకటి, మామూలు రోజులకు ఒకటి. సైటు అప్పగించేటప్పుడు పట్టికలో అంకె ఎలా మార్చాలో రిసెప్షన్‌లో ఉన్నవారికి చూపించి, ఒకసారి వారి చేతే మార్పించాలి. పట్టిక కింద ‘ఈ ధరలు ఫలానా తేదీ నాటివి’ అన్న వరుస ఉండాలి. అది లేక పాత అద్దె చూసి వచ్చిన యాత్రికుడు కౌంటరు దగ్గర గొడవ పడితే యజమాని మరునాడు ఫోన్ చేసేది సైటు కట్టినవారికే.