సమన్వయ సమావేశం గారికి ఖాళీ క్యాన్ల నమస్కారాలు

అయ్యా సమన్వయ సమావేశం గారూ,

నిన్న ఒంగోలులో తమరి దర్శనం అయింది, ధన్యుణ్ణి. పదకొండింటికి అన్నారని కనిగిరిలో పొద్దున్నే బస్సెక్కి, చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీల దుమ్ము తిని మరీ వచ్చాను. తమరు రెండింటికి వేంచేశారు. పర్లేదు. జీడిపప్పు బాగుంది.

మా ఆర్‌ఓ ప్లాంటు తమరి బిడ్డే కదా. షెడ్డు పంచాయతీది, మిషను కంపెనీ వారిది, కమిటీ స్వచ్ఛంద సంస్థది, నీటి పరీక్షలు సర్కారువి. ప్రారంభోత్సవం నాడు ఒక్క కత్తెరకు నాలుగు చేతులు. ఇప్పుడు నీళ్లను వడగట్టే పొర, అదే మెంబ్రేన్, పోయి ఆర్నెల్లయింది, ఒక్క చెయ్యీ లేదు.

'మిషను ఎప్పుడో అప్పగించేశాం' అన్నారు కంపెనీ వారు. 'అప్పగించిన కాగితంలో మెంబ్రేన్ అన్న మాట లేదు' అంది పంచాయతీ. 'మాది అవగాహన వరకే' అంది సంస్థ. నాలుగో ఆయన నీళ్లు పరీక్షిస్తానన్నాడు. ఏ నీళ్లు స్వామీ?

లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ తాగకూడదని మీరే చెబుతారు. కాచినా పోదని కూడా మీరే చెబుతారు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లొచ్చేదాకా ఓపిక పట్టమంటారు. దానికి శంకుస్థాపన జరిగింది 1996లో.

చివరికి కంపెనీ వారికి జాలేసింది. ఇంకో కొత్త ప్లాంటే ఇస్తారట! లాభాల్లో 2 శాతం ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టంలో ఉంది కదా, పెడతారు. మెంబ్రేన్ మాత్రం ఇవ్వరు. పాత మిషను లోపల దూరే మెంబ్రేన్‌కి శిలాఫలకం ఎక్కడ తగిలిస్తారు పాపం? కొత్త ప్లాంటుకు స్థలం చూడమని నాకే పురమాయించారు. పాతదాని పక్కన చాలా ఖాళీ ఉందండీ, వరసగా పెట్టుకుంటూ పోవచ్చు.

ఆ ఫ్లోరైడ్ నీళ్ల పుణ్యాన మా అమ్మ కూర్చుంటే ఇద్దరు పట్టుకుని లేపాలి. మా వాడికి పదేళ్లు, నవ్వొస్తే పళ్లు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. వాడితో ఏం చెప్పమంటావ్? సబ్‌కమిటీ వేశారని చెప్పనా? సిగ్గు లేదూ?

క్షమించాలి, నోరు జారింది.

తమరు లేచి వెళ్లాక బల్ల మీద మూత తీయని నీళ్ల సీసాలు ఆరు మిగిలాయి. సంచిలో వేసుకొచ్చాను. అరలీటరువి. సమావేశం వల్ల మా ఊరికి మూడు లీటర్ల మంచినీళ్లు అందాయని మినిట్స్‌లో రాయించుకోండి.

ఇట్లు,
వచ్చే నెల మళ్లీ రాబోయే
తమ విధేయుడు