సెగగడ్డకు మామిడిపండును తిట్టకండి, గడ్డను పిండకండి

ఎండలు ముదిరితే చాలు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది. సెగగడ్డ అంటే ఒంట్లో వేడి బయటికి రావడమేనట. మామిడిపండ్లు మానేసి, గడ్డ పండగానే పిండి చెడు రక్తం తీసేయాలట. మందులు అక్కర్లేదట. గడ్డ ఉన్నవాళ్లు వంట చేసినా, మరిగిస్తే ఏమీ కాదట. ఈసారి మా ఇంటి గ్రూపులో పిన్నే పంపింది. అందుకే రాస్తున్నాను.

ముందు వేడి సంగతి. సెగగడ్డ తెచ్చేది స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. 1880లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ గడ్డల చీమును మైక్రోస్కోప్ కింద పెట్టి ఈ క్రిములను చూశారు. ద్రాక్షగుత్తుల్లా ఉన్నాయని ఆ అర్థం వచ్చే గ్రీకు పేరు పెట్టారు. పది మందిలో సుమారు ముగ్గురి ముక్కులో ఇది ఊరికే ఉంటుంది. గోరు గీరుకున్న చోటో, షేవింగ్‌లో తెగిన చోటో లోపలికి దిగితే గడ్డ కడుతుంది. ఎండాకాలంలో చెమటకాయలు, గోకుడు ఎక్కువ. మామిడిపండ్లూ అప్పుడే వస్తాయి, నింద వాటి మీద పడింది. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి లేస్తుంటే, అందరూ ఒకే తువ్వాలుతో తుడుచుకుంటున్నారేమో చూడండి. మళ్లీ మళ్లీ వస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకోండి.

ఇక పిండడం. దీని గురించి ఎంత చెప్పినా నాకు తక్కువే. మా తమ్ముడు ఇంటర్ చదివేటప్పుడు ముక్కు పక్కన కందిగింజంత గడ్డ లేచింది. రెండు బొటనవేళ్లతో నేనే నొక్కాను. బొట్టు చీము వచ్చింది, అయిపోయిందనుకున్నాం. తెల్లారేసరికి కన్ను తెరవలేకపోయాడు. చెంప ముట్టుకుంటే కాలిపోతోంది. వారం రోజులు ఆసుపత్రిలోనే. బయటికి వచ్చినదాని కంటే లోపలికి తోసిందే ఎక్కువని అక్కడే తెలిసింది. ముక్కు, పైపెదవి చుట్టూ ఉండే సిరలకు కంటి వెనక, మెదడు అడుగున ఉండే సిరలతో దారి ఉంది. ఇన్ఫెక్షన్ అటు పాకడం అరుదే, కానీ పాకితే ప్రాణం మీదికి వస్తుంది. చిన్న గడ్డకు శుభ్రమైన గుడ్డతో రోజుకు మూడు నాలుగుసార్లు గోరువెచ్చని కాపడం చాలు. పెద్దదైతే డాక్టరే కోసి చీము తీయాలి.

మందులు అక్కర్లేదన్నది సగం నిజం. చీము తీస్తే చాలా గడ్డలు మానిపోతాయి. కానీ జ్వరం వచ్చినా, ఎరుపు చుట్టూ పాకుతున్నా ఆగకూడదు. ఈ క్రిమి విషం వల్ల పసిపిల్లలకు కాలినట్టు చర్మం పొరలుగా ఊడొచ్చు. ఒళ్లంతా ఎర్రబడి, బీపీ పడిపోతే అది టాక్సిక్ షాక్, అంటే క్రిమి విషం ఒళ్లంతా పాకడం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

చివరిది వంట. మరిగిస్తే క్రిమి చస్తుంది, అప్పటికే తిండిలోకి వదిలిన విషం మాత్రం పోదు. చీముపుండు ఉన్న వేలితో చుట్టిన కోవా బయట గంటలకొద్దీ ఉంటే, తిన్న అరగంట నుంచి ఎనిమిది గంటల్లోపు వాంతులు పట్టుకుంటాయి. పిన్నీ, వేలు మానేదాకా పిండి కలిపే పని బాబాయికి అప్పజెప్పు.